పాతర వీధిలో నల్ల రంగు

అనగా అనగా ఒక రాజ్యం. ఎంత పెద్ద రాజ్యం అంటారా? రాజుగారు కోట మేడ మీద నిలబడి గట్టిగా కేకేస్తే నాలుగు సరిహద్దుల దాకా వినిపించేది. అంతే రాజ్యం. అయినా రాజు రాజే, కోట కోటే.

ఆ రాజు పేరు చంద్రభూపాలుడు. మంచివాడే. పన్నుల కోసం ఎవరినీ పీడించడు, పొరుగువాళ్ళ మీదికి యుద్ధానికి పోడు. కానీ ఆయనకు ఒక పిచ్చి సరదా ఉండేది. ఎదుటివాడు ఉలిక్కిపడితే చూసి నవ్వాలి. నిద్రపోతున్న వాడి చెవిలో శంఖం ఊదించడం, భోజనానికి కూర్చున్న వాడి విస్తట్లో గుడ్డపాము పెట్టించడం, ఇలాంటివి. రాజుగారు నవ్వుతుంటే నవ్వకపోవడం ఎవరి తరం? అందరూ నవ్వేవారు.

ఆ ఊళ్ళో జొన్నలను గాదెల్లో పోయరు. పాతరల్లో పోస్తారు. పాతర అంటే నేలలో తవ్విన లోతైన గొయ్యి. మూతి మనిషి దిగేంత, లోపల మాత్రం రెండు నిలువుల లోతు. జొన్నలు పోసి, పైన బండ పెట్టి, మట్టి కప్పేస్తారు. కోట ముందున్న వీధి నిండా ఊరి పాతరలే. అందుకే దాన్ని పాతర వీధి అనేవారు.

వేసవి చివర, పాతరలు సగానికి పైగా ఖాళీ అయ్యాక, ఒక మంచిరోజు చూసి పెద్దలు అన్ని మూతులూ ఒకేసారి తీయిస్తారు. తీసిన వెంటనే ఎవరూ దిగరు. లోపల జొన్నలు మగ్గిన ఆవిరి ఉంటుంది. అది పీలిస్తే మనిషి అక్కడికక్కడే ఒరిగిపోతాడు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా మూతులు తెరిచి ఉంచి, తరువాత దీపం దింపి చూస్తారు. దీపం వెలిగితేనే మనిషి దిగుతాడు. అందుకే ఆ ఊరి పిల్లలకు నడక రాకముందే ఒక మాట నేర్పేవారు: "నేల మీద నలుపు కనిపిస్తే పక్కకు నడు."

ఇక మన ఓబన్న సంగతి. ఓబన్న బట్ట మీద బొమ్మలు వేసేవాడు. దేవుళ్ళూ దేవతలూ, ఏనుగులూ నెమళ్ళూ, ఏం వేసినా మెచ్చుకోని వాడు లేడు. కానీ ఆయనకు మాత్రం తృప్తి లేదు. కారణం నలుపు.

"ఇది నలుపా?" అని విసుక్కునేవాడు. "దీపం మసితో చేస్తే ఎండకు బూడిద రంగు అవుతుంది. ఇనప తుప్పుతో చేస్తే నాలుగు ఉతుకులకు గోధుమ రంగు అవుతుంది. అమావాస్య వేయమంటే మబ్బు పట్టిన మధ్యాహ్నంలా కనబడుతోంది!"

పట్టుదల వదల్లేదు. ఏవేవో కాల్చాడు, ఏవేవో నూరాడు, ఏవేవో కలిపాడు. ఏం కలిపాడో నన్నడగకండి, నాకూ తెలియదు. చివరికి ఒక రంగు తయారైంది. అబ్బ, అదేం నలుపు! వెలుగు దాని మీద పడితే మళ్ళీ తిరిగి రాదు. గిన్నెలో ఉంటే గిన్నెకు అడుగు లేనట్టుంటుంది. కర్రకు పూస్తే కర్ర మధ్యలో తెగిపోయినట్టుంటుంది.

మొట్టమొదట ఓబన్న తన ఇంటి గోడ మీద ఒక కాకిని వేశాడు. సాయంత్రం ఆయన భార్య పుల్లమ్మ వచ్చి చూసి, గోడకు కన్నం పడిందనుకుని, పాత గుడ్డ తెచ్చి కుక్కబోయింది. గుడ్డ లోపలికి పోదు! మళ్ళీ నొక్కింది. పోదు!

"ఏమయ్యో, ఇటు రా!" అని పిలిచింది. "కన్నం కనబడుతోంది గానీ చెయ్యి పోవడం లేదు. నా కళ్ళు పోయాయా, గోడకు దెయ్యం పట్టిందా?"

"అది కన్నం కాదే, కాకి!" అన్నాడు ఓబన్న మురిసిపోతూ.

"కాకికి కన్నేది? ఈకలేవి? ఇది కాకి కాదు, కాకి ఆకారంలో కన్నం," అంది పుల్లమ్మ.

ఈ సంగతి ఊళ్ళో పొక్కింది. బొమ్మలు వేసేవాళ్ళంతా ఓబన్న గుమ్మం ముందు చేరారు. "అన్నా, దేవుడి జుట్టుకు కాస్త ఇయ్యి," అని ఒకరు, "మామా, నా కృష్ణుడి కాళింది మడుగుకు ఒక్క చిప్పెడు చాలు," అని ఒకరు. ఓబన్న అందరికీ ఇస్తానన్నాడు. ఇచ్చేవాడే. అంతలో కోట నుంచి కబురు వచ్చింది.

రాజుగారు గిన్నెలోకి తొంగి చూసి వెనక్కి గెంతారు. తరువాత పగలబడి నవ్వారు.

"ఓబన్నా, ఈ రంగంతా నాకే కావాలి. ఇంకెవరికీ చుక్క కూడా ఇవ్వకూడదు," అన్నారు.

"ప్రభూ, ఇది బొమ్మలకోసం చేసింది..." అని నసిగాడు ఓబన్న.

రాజుగారు తన చేతి బంగారు కంకణం తీసి ఓబన్న చేతికి తొడిగారు. ఓబన్న నోరు అక్కడితో మూతపడింది. ఏం చేస్తాం, బంగారం బరువు అలాంటిది.

మరునాడు సభలో కోశాధికారి లింగసెట్టి కూర్చునే చోటికి ముందు, నేల మీద గుండ్రంగా నల్లమచ్చ ఒకటి వేయించారు. లింగసెట్టి బొజ్జ సవరించుకుంటూ వచ్చాడు.

"సెట్టీ, ఆగు! గుంత!" అని రాజుగారు సింహాసనం మీద నుంచి కేక పెట్టారు.

సెట్టి కెవ్వుమని ఎగిరి దూకాడు. తలపాగా ఒకవైపు, చెప్పులు ఒకవైపు, తాను ఒకవైపు. సభంతా గొల్లున నవ్వింది. సెట్టి లేచి, ఆ నలుపును కాలి బొటనవేలితో తాకి చూశాడు. నేలే. మళ్ళీ చూశాడు. గుంతే! తాకితే నేల, చూస్తే గుంత. ఏది నమ్మాలో తెలియక పాపం అక్కడే కూలబడ్డాడు.

ఆ తరువాత దళవాయి గురవప్ప వంతు. ఆయన సేనాపతి, మీసాల మీద నిమ్మకాయలు నిలబెట్టేంత మొనగాడు. రాజుగారు మండపం గోడ మీద ద్వారమంత నలుపు పూయించి, "దళవాయీ, ఆ చీకటి గదిలో దొంగ దూరాడు, పట్టుకో!" అన్నారు. గురవప్ప కత్తి దూసి శరవేగంతో పరుగెత్తి, ముక్కు పచ్చడి చేసుకుని వచ్చాడు. రాజుగారు కడుపు పట్టుకుని నవ్వారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆనాటి నుంచి గురవప్ప అసలు ద్వారాలను కూడా నమ్మడం మానేశాడు. తన ఇంటి గుమ్మం ముందే నిలబడి, కత్తితో అటూ ఇటూ పొడిచి చూసి గానీ లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. భార్య లోపలి నుంచి "అయ్యా, అన్నం చల్లారిపోతోంది," అంటే, "ముందు నువ్వు ఉన్నావో లేదో చెప్పు!" అనేవాడట.

రాజుగారికి ఒక కూతురు. పేరు మల్లమదేవి. ముద్దుగా మల్లి అనేవారు. తల్లి లేని పిల్ల, ఆరేళ్ళది, రాజుగారి పంచప్రాణాలూ ఆ పిల్లే. తండ్రి ఆటలన్నీ పక్కనే కూర్చుని చూసేది, తండ్రి నవ్వితే తానూ చప్పట్లు కొట్టేది.

"నాన్నగారూ, ఇంకా పెద్ద ఆట ఆడదాం," అంది ఒకనాడు.

ఆ పెద్ద ఆట ఏమిటంటే పాతర వీధి. వీధి పొడవునా అక్కడక్కడ పాతర మూతులంత గుండ్రాలు నల్లరంగుతో వేయించారు. రాజుగారు మరీ ముచ్చటపడి, మూత తీసి పెట్టినట్టు ఒక్కో గుండ్రం పక్కన ఒక్కో బండ కూడా పెట్టించారు. పొద్దున్నే మేడ మీద కూర్చున్నారు.

ఓబన్న ఆ రంగు పూస్తూనే భయపడ్డాడు. "ప్రభూ, పాతరలు తీసే రోజులు దగ్గరపడుతున్నాయి. ఇది కడిగితే పోయే రంగు కాదు," అన్నాడు.

"అప్పటికి చూద్దాంలే," అన్నారు రాజుగారు.

ఓబన్న ఇంకోమాట అనాలి. అనలేదు. చేతి కంకణం వంక చూసుకుని ఊరుకున్నాడు.

ఇక వీధిలో చూడాలి ఆ గోల! నీళ్ళకు పోయే ఆడవాళ్ళు గుండ్రాలను తప్పించుకుంటూ వంకరటింకరగా నడుస్తున్నారు. ఎవరైనా దగ్గరికి రాగానే మేడ మీద నుంచి "ఆగు! గుంత!" అని కేక. వాళ్ళు బిగుసుకుపోతారు. రాజుగారు నవ్వుతారు. కుండలు పగిలాయి. ఒక ముసలాయన చేతికర్ర జారవిడిచి, అది లోపలికి పోకుండా నలుపు మీదే పడి ఉండటం చూసి, గుంతలో నీళ్ళు గడ్డకట్టాయి కాబోలు అనుకుని దండం పెట్టాడు. ఒక గాడిద మాత్రం నేలను వాసన చూసి, నలుపు మీది నుంచి తిన్నగా నడిచిపోయింది. దానికి మాటలు రావు గనుక ఊరి పరువు దక్కింది.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారే, అదే వరస.

కానీ ఎన్నాళ్ళని భయపడతారు? రంగు సంగతి ముందు పిల్లలు కనిపెట్టారు. ఒక గుండ్రం మీది నుంచి ఇంకో గుండ్రం మీదికి గెంతడం ఆటగా మార్చుకున్నారు. దానికొక పాట కూడా కట్టారు:

"గుంతా గుంతా నల్లని గుంతా,
అడుగే లేని అల్లరి గుంతా!"

కోటలో దాదుల కళ్ళుగప్పి మల్లి కూడా వచ్చి గెంతేది. రాజుగారు పై నుంచి "మల్లీ, ఆగు! గుంత!" అని కేకేసేవారు. మల్లి కిలకిల నవ్వి ఇంకా ఎత్తుగా గెంతేది. తండ్రీ కూతుళ్ళకు అదొక ఆట. నలుపు కనిపిస్తే పక్కకు నడవమన్న పెద్దల మాట పిల్లలు మరిచిపోయారు. నిజం చెప్పాలంటే పెద్దలూ మరిచిపోయారు.

మంచిరోజు రానే వచ్చింది. తెల్లవారగానే పనివాళ్ళు వచ్చి ఊరి పాతరలకు మట్టి తీసి అవతల పోసి, బండలు పక్కకు జరిపి, ఆవిరి పోయేందుకు వదిలేసి, అంబలి తాగడానికి ఇళ్ళకు పోయారు. ఏటా చేసే పనే గదా, రాజుగారికి ప్రత్యేకంగా ఎవరూ చెప్పలేదు. రాజుగారూ అడగలేదు.

అంబలి తాగి వచ్చిన పనివాళ్ళు వీధి మొదట్లోనే ఆగిపోయారు. ఎటు చూసినా నల్ల గుండ్రాలు. ఎటు చూసినా బండలు.

"ఒరే, మనం తీసింది ఇదేనా?" అన్నాడొకడు.

"ఇది కాదు, అది. అది కాదేమో, ఇదేనేమో!" అన్నాడు ఇంకొకడు.

ఒకడు దీపానికి తాడు కట్టి ఒక గుండ్రంలోకి దింపాడు. దీపం టక్కున నేలకు కొట్టుకుని పగిలింది. రంగు! "అయితే దాని పక్కది కూడా రంగే," అని కాలు పెట్టబోయి, వేడి ఆవిరి ముఖాన కొట్టేసరికి గావుకేక పెట్టి వెనక్కి పడ్డాడు. పాతర! కింద పడ్డవాడు లేచి ఏ వైపు పరుగెత్తాలో తెలియక అక్కడే కూర్చుండిపోయాడు.

ఆ కేక విని వీధిలో నడుస్తున్న వాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. రంగు గుండ్రాల నడుమ పాతరలూ తెరుచుకోవడంతో నలుపు తొక్కకుండా దాటే సందే లేదు. ముందుకు వేస్తే గుంతేమో, వెనక్కి వేస్తే గుంతేమో. ముందు నుయ్యి వెనుక గొయ్యి అని ఊరికే అంటుంటాం, ఆనాడు కళ్ళారా చూశారు. లింగసెట్టి ఒంటికాలి మీద నిలబడి ఏడుస్తున్నాడు. గురవప్ప కత్తి తెచ్చుకోనందుకు తనను తానే తిట్టుకుంటున్నాడు. అందరూ తమ మధ్యే చిక్కుకున్న ఓబన్న వంక తిరిగారు.

"ఓబన్నా! నువ్వే చేశావుగా ఈ రంగు! ఏది రంగో, ఏది పాతరో చెప్పు!"

ఓబన్న కళ్ళు చిట్లించి చూశాడు. వంగి చూశాడు. "నాకూ తెలియడం లేదయ్యా. నేను చేసిందే నన్ను కూడా మోసం చేస్తోంది," అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకు ఎంత సిగ్గేసిందో! అయినా తెలుసని అబద్ధమాడి ఎవరినీ నడిపించలేదు.

సరిగ్గా అప్పుడే కోట వైపు నుంచి పాట వినిపించింది.

"గుంతా గుంతా నల్లని గుంతా..."

మల్లి! పట్టుపరికిణీ ఎగరేసుకుంటూ, ఒక గుండ్రం మీది నుంచి ఇంకో గుండ్రం మీదికి గెంతుకుంటూ వస్తోంది. కళ్ళు మూసుకుని గెంతడం ఆ రోజు కొత్త సరదా. ఒక గెంతు, కళ్ళు తెరిచి నవ్వడం, మళ్ళీ ఒక గెంతు.

మేడ మీద రాజుగారు అప్పుడే నిద్ర లేచి వచ్చారు. కింద చూశారు. పనివాళ్ళు, తాళ్ళు, దీపాలు. పాతరలు తీశారు!

"మల్లీ! ఆగు! గుంత!" అని కేక పెట్టారు.

మల్లి తలెత్తి చూసింది. కిలకిల నవ్వింది. ఇంకా ఎత్తుగా గెంతింది.

"ఆగు తల్లీ! నిజం గుంత! నిజంగా నిజం!"

రోజూ అనే మాటే కదా! నాన్నగారు ఇవాళ మరీ బాగా ఆడుతున్నారనుకుంది మల్లి. చెయ్యి ఊపి, ఇంకో గెంతు గెంతింది. రాజుగారు మెట్ల మీద పడుతూ లేస్తూ వీధిలోకి పరుగెత్తుకొచ్చారు. వచ్చి ఏం చేయగలరు? తన ముందూ నల్ల గుండ్రాలే. తాను వేయించిన రంగే తన కాళ్ళకు అడ్డం పడింది. "ఎవరైనా పట్టుకోండి! నా బిడ్డను పట్టుకోండి!" అని ఏడ్చారు. ఎవరూ కదలలేకపోయారు. కొందరు కదలనేలేదు, రాజుగారి ఏడుపు కూడా ఆటే అనుకుని.

వీధికి ఆ చివర పుల్లమ్మ నిలబడి ఉంది. పాతర తీసిన రోజున మూతిబండ మీద ముగ్గు వేయడం ఆ ఊరి ఆనవాయితీ. ఆమె చేతిలో ముగ్గుపిండి గిన్నె ఉంది, రెండు గుండ్రాల మధ్య ఆమే ఇరుక్కుపోయి ఉంది. కంగారులో గిన్నె ఒలికింది. పిండి ఎడమవైపు నలుపు మీద పడి, తెల్లగా నిలిచింది. కుడివైపు నలుపు మీద పడి, మాయమైపోయింది.

పుల్లమ్మ కళ్ళు మెరిశాయి. అర్థమైంది! ఇక ఆలోచించలేదు. తెల్లబడ్డ నలుపు మీద కాలు వేసి ముందుకు దూకింది. పిడికెడు పిండి విసిరింది. నిలిచింది. దూకింది. ఇంకో పిడికెడు. నిలిచింది. దూకింది. మల్లి ఎదురుగా వచ్చేస్తోంది. ఇద్దరి మధ్యా రెండే గుండ్రాలు మిగిలాయి. పుల్లమ్మ గిన్నెలో ఉన్న పిండంతా ఆ రెండింటి మీదికి ఒక్కసారిగా చల్లింది.

పుల్లమ్మ ముందున్న గుండ్రం పిండిని మింగేసింది. మల్లి ముందున్నది తెల్లగా మెరిసింది.

కళ్ళు మూసుకోబోతున్న మల్లి ఆగిపోయింది. ఎత్తిన కాలు గాలిలోనే ఉంది. రాజుగారి కేకకు ఆగని పిల్ల ముగ్గుకు ఆగింది. ఎందుకంటే ముగ్గు తొక్కకూడదని ఆ పిల్లకు బాగా తెలుసు. ముగ్గు విషయంలో ఆమెతో ఎవరూ ఎప్పుడూ వేళాకోళం ఆడలేదు మరి.

"పెద్దమ్మా, ముగ్గు అడ్డంగా వేశావేమిటి? నేనెలా గెంతాలి?" అంది మల్లి అయోమయంగా.

"గెంతకు బంగారూ. అక్కడే నిలబడు," అంది పుల్లమ్మ. అని, పాతర అంచు మీదుగా ఒదిగి వెళ్ళి ఆ పిల్లను ఎత్తుకుని, వీధిలోనే కూలబడి ఏడ్చేసింది.

మల్లి నిలబడిన చోటికి, నోరు తెరుచుకున్న పాతరకు మధ్య ఒక్క గెంతు దూరం. ఆ ఒక్క గుండ్రం మీదే పిండి నిలిచింది.

ఊరి ఆడవాళ్ళంతా గిన్నెలు పట్టుకుని వచ్చి పిండి చల్లారు. నిలిచినచోట నడిచారు, మింగినచోట బండ కప్పారు. ఇరుక్కున్న వాళ్ళంతా ఇళ్ళకు చేరారు. ఓబన్న రాజుగారి ముందుకు వచ్చి చేతి కంకణం తీసి నేల మీద పెట్టాడు.

"ప్రభూ, ప్రమాదమని నాకు ముందే తెలుసు. ఒకసారి చెప్పి ఊరుకున్నాను. రెండోసారి చెప్పాల్సింది. నన్ను శిక్షించండి," అన్నాడు.

"నువ్వు చెప్పిన ఆ ఒక్కసారి నేను విన్నానా?" అన్నారు రాజుగారు. "కంకణం నువ్వే ఉంచుకో. రంగు మాత్రం బొమ్మలు వేసేవాళ్ళందరికీ పంచిపెట్టు. బట్ట మీద అమావాస్యలు వేసుకోండి, మడుగులు వేసుకోండి. మనుషులు నడిచే చోట మాత్రం ఎవరూ పూయకూడదు. నేను కూడా."

అని పంచె ఎగ్గట్టి, సున్నపు కుండ అందుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో నల్ల గుండ్రం మీదా తానే సున్నం కొట్టడం మొదలుపెట్టారు. రాజు సున్నం కొట్టడం ఏమిటో, ఇది కూడా ఏదైనా ఆటేమోనని జనం దూరం నుంచే చూశారు.

మల్లి పుల్లమ్మ చంక దిగి తండ్రి దగ్గరికి పరుగెత్తబోయింది. దారిలో బండ కప్పని పాతర ఒకటి ఇంకా మిగిలి ఉంది.

"మల్లీ, అటుగా రాకు తల్లీ, అది నిజం పాతర," అన్నారు రాజుగారు. కేకేయలేదు, నవ్వలేదు, మెల్లగా అన్నారు.

మల్లి ఆగింది. తండ్రి ముఖంలోకి కాసేపు చూసింది. ఆ ముఖంలో ఆట ఉందో, నిజం ఉందో ఆ పిల్లకు తెలియలేదు. వెనక్కి తిరిగింది.

"పెద్దమ్మా, నాన్నగారు చెప్పింది నిజమేనా?" అని పుల్లమ్మను అడిగింది.

పుల్లమ్మ రాజుగారి వంక చూసింది. రాజుగారు చేతిలోని సున్నపు కుండ దించి, అందరి ముందూ తలవంచుకున్నారు.

"నిజమేనమ్మా," అంది పుల్లమ్మ.

అప్పుడు గానీ మల్లి పక్కకు నడవలేదు.

పిల్లలూ, నవ్వులాటకు పదేపదే అబద్ధమాడేవాడు, ప్రాణం మీదికి వచ్చిననాడు నిజం చెప్పినా సొంత బిడ్డ కూడా నమ్మదు.